సింధు చెప్పని పాఠం

కట్టుకథ అనుకునేవాళ్ళు అనుకోండి. నేను కళ్ళతో చూసింది తక్కువ, చెవులతో విన్నదే ఎక్కువ... కానీ విన్నది మాత్రం నిజం. నాతో పాటు ఇంకో మనిషి కూడా వింది. వింటున్నంతసేపూ ఆ మనిషి చెయ్యి నా చేతిలోనే ఉంది. అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

2020. దుబాయ్ అంతా మూతపడిన రోజులు. సత్వాలో మా ఫ్లాట్‌లో ఆడవాళ్ళం చాలామందిమి ఉండేవాళ్ళం. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు ఆ ఇళ్ళలోనే ఉండిపోయారు. మిగిలింది నేను, సింధు. నాది ఆఫీసుల్లో క్లీనింగ్ పని. ఆఫీసులే తెరవలేదు. సింధుది వరంగల్. చైనాలో ఒక యూనివర్సిటీలో ఇంగ్లీషు టీచరు. సెలవులకు దుబాయ్ చూద్దామని వచ్చింది. అంతలో చైనా రాకపోకలు ఆపేసింది. ఆ పిల్ల ఇక్కడే ఇరుక్కుపోయి, చవకని మా ఫ్లాట్‌లో మంచం తీసుకుంది.

క్లాసులు కంప్యూటర్‌లోనే. అక్కడ పొద్దున ఎనిమిది అంటే ఇక్కడ తెల్లవారుజామున నాలుగు. రోజూ నేనే లేపేదాన్ని. లేచి, మొహం కడుక్కొని, కళ్ళు మూతలు పడుతుండగానే కూర్చునేది. మధ్యాహ్నం నాకు తెలుగు అక్షరాలు దిద్దించేది. దిద్దిస్తూనే కునుకు తీసేది.

"అక్కడైతే పిల్లలు వేడినీళ్ళ ఫ్లాస్కులు పట్టుకొని వస్తరు రాజక్కా. వానల గూడ సైకిళ్ళ మీదనే. ఇప్పుడు ఒక్క మొఖం గూడ కనబడదు. నల్ల డబ్బాలకు పాఠం చెప్తున్న" అనేది.

నిజమే. తెర నిండా నల్ల డబ్బాలు. వినబడుతోందా అని అడిగితే పిల్లలు నోరు తెరవరు. ఒకటి అంకె కొట్టి పంపుతారు. అది వాళ్ళ అలవాటట. 1... 1... 1... అని వరసగా పడుతుంటే నేను పక్కన కూర్చొని చూసేదాన్ని.

ఒక వారం సింధుకు జ్వరం. టెస్టు చేస్తే కరోనా కాదన్నారు. కానీ గొంతు పూర్తిగా పోయింది. సరిగ్గా ఆ వారమే కబురొచ్చింది... గురువారం క్లాసులో వాళ్ళ పెద్ద మేడం కూర్చుంటుంది. ఒక నల్ల డబ్బాలో కూర్చొని వింటుంది. ఆమెకు నచ్చితేనే కాంట్రాక్టు పెంచుతారు. బయట ఇరుక్కున్న టీచర్లను ఇద్దరిని అప్పటికే తీసేశారు.

గురువారం లేపాను. ఒళ్ళు కాలిపోతోంది. గదిలోకి పోయి క్లాసు తెరిచి పెట్టి, తలుపు దగ్గరికి వేసి, వంటింట్లోకి వచ్చింది. ఉప్పునీళ్ళు పుక్కిలించింది. మాట్లాడబోయింది... గాలి తప్ప ఏమీ రాలేదు.

"వస్తలేదక్కా" అంది పెదవులతోనే. "చెప్పలేనని రాసేస్త. ఇగ ఖలాస్."

"ఇంకోసారి పుక్కిలించు బిడ్డా. అల్లం నీళ్ళు పెట్టిన."

"పుక్కిలిస్తే వచ్చెటట్టుంటే రాత్రే వచ్చేది."

అప్పుడు...

గదిలోంచి గొంతు వినబడింది.

"గుడ్ మార్నింగ్ ఎవ్రీవన్."

సింధు గొంతు.

నేను స్టవ్ ఆపాను. నీళ్ళ చప్పుడు ఆగాక ఇంకా స్పష్టంగా వినబడింది. అదే గొంతు. జ్వరం లేదు. బొంగురు లేదు. సింధు నా ఎదురుగా గ్లాసు పట్టుకొని నిలబడి ఉంది. నోరు మూసుకొని ఉంది.

"పాత క్లాసా? రికార్డ్ చేసినవా?" అని అడిగాను.

తల అడ్డంగా ఊపింది.

ఇద్దరం తలుపు దాకా వెళ్ళాం. సింధు నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. లోపల పాఠం జరుగుతోంది. ఆ గొంతు ఏదో అడిగింది... ఆగింది. టిక్, టిక్, టిక్ అని అంకెలు పడుతున్న చప్పుడు. తర్వాత నవ్వింది.

ఆ నవ్వు...

మూడు నెలలుగా ఒకే ఫ్లాట్‌లో ఉన్నాం. సింధు అలా నవ్వగా నేను వినలేదు.

తలుపు నెట్టబోయాను. సింధు నా చెయ్యి వెనక్కి లాగింది. చెవి దగ్గర నోరు పెట్టి అంది.

"ఆగక్కా. పెద్ద మేడం వింటున్నది."

"లోపల ఎవరో తెల్వదు, సింధూ."

"చెప్పనీ అక్కా... నాకైతే చాతకాదు."

అక్కడే గోడకు ఆనుకొని కూలబడింది. నేనూ కూర్చున్నాను. కాసేపటికి తల నా భుజం మీద వాలింది. నిద్రపోయింది. తలుపు అవతల తన గొంతే పాఠం చెబుతుంటే, ఇవతల నోరు తెరుచుకొని నిద్రపోయింది. నేను మేలుకొనే ఉన్నాను. ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ గొంతు ఎక్కడా తడబడలేదు. ఎక్కడా ఆవలించలేదు. మధ్యలో ఒక్కసారి ఆగింది... తలుపు వైపు తిరిగి మమ్మల్ని వింటున్నట్టు అనిపించింది. నేను ఊపిరి బిగబట్టాను. మళ్ళీ మొదలుపెట్టింది.

చివరికి "బై బై" అంది. కుర్చీ జరిగిన చప్పుడు. ఇంకేమీ లేదు.

తలుపు తీశాను. గదిలో ఎవరూ లేరు. కిటికీ గడియ వేసే ఉంది. తెర మీద ఒకట్లు. కుర్చీ వెనక్కి జరిపి ఉంది. చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది.

మర్నాడు కాంట్రాక్టు పెంచారని ఫోను వచ్చింది. ఇంత హుషారుగా చెప్పేవాళ్ళను ఈమధ్య వినలేదని పెద్ద మేడం అందట. సేమ్యా పాయసం చేశాను. సింధు రెండు చెంచాలు తిని గిన్నె పక్కన పెట్టింది. గొంతు వచ్చాక పిల్లలను అడిగి చూసింది, గురువారం పాఠం అర్థమైందా అని. అందరూ ఒకటి కొట్టారు. అంతకన్నా అడగలేకపోయింది. అడిగితే దొరికిపోతుంది కదా.

జ్వరంలో తనే లేచి చెప్పి మరిచిపోయిందా అని ఎన్నోసార్లు అనుకున్నాను. మరి నా భుజం మీద తల ఎవరిది? నిద్ర లేక నాకే అలా వినబడిందా? మరి పెద్ద మేడం విన్నదేమిటి? నాకు తెలియదు.

సింధు ఇప్పుడు చైనాలోనే ఉంది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. గొంతులో అలసట అలాగే ఉంది.

"ఆ రోజు చెప్పినట్టే చెప్పమంటదక్కా పెద్ద మేడం, ఎప్పుడూ. నేను సగంల నిద్రపోతిని. నువ్వు మొత్తం విన్నవు గద... ఎట్ల చెప్పింది?"

"నీ లెక్కనే చెప్పింది, బిడ్డా" అంటాను.

నీకన్నా బాగా చెప్పిందని మాత్రం చెప్పలేదు.