నిచ్చెన తీసిన చోటు

బడి ఆరో తరగతిలోనే మానీసినాను గానీ, నా నోరు మాత్రం ఏ క్లాసులోనూ ఫెయిలవలేదు. ఆ నోరే నన్ను ఈద్ పొద్దున్న రేకుల కప్పు మీద కూర్చోబెట్టింది.

నాది షామియానాల పని. మా రైల్వే ఊళ్ళో పూరీ గేట్ అవతల మసీదు సందులో పందిరి ఏటా నేనే కడతాను. ఆ సందులో ఇద్దరు చాచాలున్నారు. ఒకాయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరయినాడు. మన తెలుగువాళ్ళ పక్కన పనిచేసి చేసి మన తెలుగే మాటాడతాడు. రెండో ఆయన దర్జీ. రంజాన్ నెలంతా సాయంత్రాలు ఇద్దరూ కలిసి వండి, సందు పొడుగునా ఒకటే దస్తర్‌ఖాన్ పరిచేవారు. దర్జీ చాచా చేత్తో కుట్టిన భోజనాల గుడ్డ అది. రోజా అని ఉపవాసం ఉన్నవాడూ, డ్యూటీ దిగి ఇంటికి పోయేవాడూ, నాలాగ ఊరికే నోరాడించేవాడూ, ఎవరొచ్చినా దాని ముందు జాగా ఉండేది. "కూర్చో" అనడమే గానీ నువ్వెవరని అడిగిన పాపాన పోలేదు.

మొన్నటి రంజాన్ మొదటి వారంలో నా నోరు దురద పెట్టింది. ఫిట్టరు చాచా గొంతు పెట్టి దర్జీ చాచాతో అన్నాను: "నీ హలీం తింటే రోజా విప్పినట్టు లేదు భాయ్, ఉప్పుకి దాహమేసి రెండో రోజా మొదలయినట్టుంది!" తర్వాత నా గొంతుతో, "నీ దోస్తే అంటన్నాడు చాచా."

ఆయన అలాంటి మాటే అనలేదు. దర్జీ చాచా నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. మర్నాడు కత్తెర తెచ్చి దస్తర్‌ఖాన్‌ని నడిమికి కత్తిరించీసి, సగం పట్టుకుని సందు ఆ చివరికి పోయినాడు.

ఎందుకో ఫిట్టరు చాచాకి తెలీదు. అడగడానికి ఆయనకి అభిమానం అడ్డం. నాకు తెలుసు. చెప్పడానికి నాకు భయం అడ్డం. నెలంతా రెండు చివర్లా తిన్నాను.

పండగ పొద్దున్న పందిరి తాడు వదులయింది. నిచ్చెన వేసుకుని సైకిల్ షాపు రేకుల మీదికెక్కి ముడి బిగిస్తున్నాను. కింద సందులో నమాజుకి జనం నిండిపోయినారు. మౌలానా గారు మైకులో, వరసలు సరిచేసుకోండి, మధ్యన ఖాళీ వదలకండి, భుజానికి భుజం తగలాలి అన్నారు. ఫిట్టరు చాచా పక్కనే నా నిచ్చెన అడ్డం. పైన మనిషున్నాడో లేడో చూడకుండా ఆయన దాన్ని తీసి గోడవార పడుకోబెట్టీసినాడు.

అప్పుడే దర్జీ చాచా రొప్పుకుంటూ వచ్చినాడు. సందంతా చూసినాడు. ఒక్క మనిషి పట్టే ఖాళీ ఒకటే ఉంది, నిచ్చెన తీసిన చోటు. ఒక్క క్షణం ఆగి, వచ్చి నిలబడ్డాడు. భుజానికి భుజం తగిలింది. మన గుడిలో అయితే గిట్టనివాడు కనబడితే పక్క లైన్లోకి దూరిపోతాం. ఆ వరసలో దేవుడి ముందు నిలబడ్డానికి పక్కవాణ్ణి ఏరుకునే వీల్లేదు.

నమాజు మొదలయింది. నేను దిగలేను, పిలవలేను. కాలు కదిపితే రేకు ఢబ్‌మంటుంది. ఎండకి లుంగీ కింద రేకు పెనంలా కాలుతోంది. తుమ్మొస్తే ముక్కు నలుపుకుని మింగీసినాను. ఎటు చూసినా నా కంటికి కింద ఆ రెండు వీపులే, కలిసి వంగుతున్నాయి, కలిసి లేస్తున్నాయి. ఇంకేటి, కలిసిపోయినట్టే, నేను చెప్పక్కర్లేదు అనుకున్నాను.

నమాజయింది, ఖుత్బా ప్రసంగం అయింది, దువా అయింది. సందంతా కౌగిలింతలూ సెల్ఫీలూ. వీళ్ళిద్దరిలో మాత్రం ఒకాయన మొహం ఎడమకి, ఇంకొకాయన మొహం కుడికి.

"దర్జీ చాచా!" అన్నాను. రేకు ఢబ్‌మంది. సందంతా తలెత్తింది. "ఆ ఉప్పు మాట ఫిట్టరు చాచా అనలేదు. నేనే అన్నాను. ఆయన గొంతు పెట్టి."

"ఏ ఉప్పురా? ఏటి మాట?" అన్నాడు ఫిట్టరు చాచా.

దర్జీ చాచా తల దించుకుని చెప్పినాడు.

"యా అల్లా! నీ హలీంలో ఉప్పు ఎక్కువా? అసలు చాలదు కదా, ఇన్నేళ్ళూ నోరు మూసుకుని తింటన్నాను!"

దర్జీ చాచా ముందు గుడ్లురిమినాడు. తర్వాత నవ్వుకి ఆయన పొట్ట కదిలింది. ఇద్దరూ మూడుసార్లు కౌగిలించుకున్నారు.

"చాచా, నిచ్చెన," అన్నాను.

"ఉండనీ," అన్నాడు ఫిట్టరు చాచా.

దర్జీ చాచా రెండిళ్ళలోకీ వెళ్ళి, దస్తర్‌ఖాన్ రెండు సగాలూ తెచ్చి ఉండచుట్టి పైకి విసిరినాడు. "నీ జేబులో షామియానా కుట్టే దబ్బనం, దారం ఉన్నాయి కదా. కుట్టు."

"ఇక్కడా? కాలిపోతన్నాను చాచా!"

"నెలంతా మేం ఎండలో రోజా ఉన్నాం, నువ్వు గంట ఉండలేవా?"

పడుకోబెట్టిన నిచ్చెన మీదే ఇద్దరూ కూర్చున్నారు, భుజానికి భుజం. సేమియా తింటూ పైకి చూస్తన్నారు.

"కుట్లు దగ్గరగా వెయ్యి," అన్నాడు దర్జీ చాచా. "వంకరొస్తే విప్పిస్తాను."

రెండుసార్లు విప్పించినాడు.