మేకల సభలో అయిదో చెయ్యి

ఆ రోజుల్లో మా గద్వాలలో ఓట్లు ఎలా వేసేవారో నాకు తెలుసు, ఎలా లెక్కపెట్టేవారో ఇంకా బాగా తెలుసు. అందుకే, నేను రిగ్గింగ్ చేసి ఎం.ఏ. చదువుకు పోయానని మా చుట్టాలు ఇన్నేళ్లుగా చెప్పుకుంటున్న కథను మొదట్లోనే ఖండిస్తున్నాను. ఏ పెళ్లి బంతిలో కూర్చున్నా ఎవరో ఒకరు, "తల్లి దండెం మీదికి చెయ్యి లేపితే గదే ఓటని లెక్కవెట్టుకున్నది గీమె" అని మొదలుపెడతారు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను, ఒప్పుకొని మాత్రం కాదు.

వనపర్తి హాస్టల్లో ఉండి బీఏ ముగించి ఇంటికొచ్చాను. రాజనీతి, తత్వశాస్త్రం రెండూ చదివినదాన్ని కనుక ఇంట్లో ఉప్పు తక్కువైనా దానికో సిద్ధాంతం చెప్పేదాన్ని. చిన్నప్పటి నుంచి నా ప్రాణం పులి మేక ఆట. మా అరుగు బండ మీద ఆ గీతలు ఎవరు చెక్కారో గాని బాగా చెక్కారు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకితే ఆ మేక పోయినట్టే. మేకలన్నీ కలిసి పులులను కదలకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. నూలు చుట్టే కండెల్లో విరిగినవి మాకు పులులు, చింతగింజలు మేకలు. బీఏ తర్వాత నాకు ఆ బండ మీద సమాజమంతా కనిపించసాగింది. పులుల తరఫున ఆడడం నీతి కాదని ప్రకటించాను. మా పెద్దనాయినకు ఆ ఇబ్బంది లేదు. ఆయన ఎప్పుడూ పులులే. ఇంటికి పెద్ద, నాలుగు మగ్గాలకు పెద్ద. ఆయన మాట మా నాయిన దాటేవాడు కాదు.

హైదరాబాదులో ఎం.ఏ. సీటు వచ్చింది. పెద్దనాయిన వద్దన్నాడు. ఇంత చదివితేనే ఇంట్లో ఎవరినీ మాట్లాడనిస్తలేదు, ఇంకా చదివితే మగ్గంతో కూడా కొట్లాడుతుందని ఆయన భయం (పూర్తిగా అన్యాయమైన భయమని చెప్పలేను). నేను అన్నం మానలేదు, వాదించడం కూడా మానలేదు. చివరికి విసిగిపోయి ఒక అమాస నాడు ఆయనే అన్నాడు: "సరే బిడ్డా, నా పులులను కట్టెయ్. కట్టేస్తే పో. లేకుంటే నోరు మూస్కొని మగ్గం నేర్చుకో."

అమాస మాకు సెలవు. ఆ రోజు మా ఇంట్లో మగ్గం గుంటలో ఎవరూ కాలు పెట్టరు, నూలు ముట్టరు. అందరూ అరుగు మీదికి చేరారు. నేను తెలివిగలదాన్నయితే చప్పుడు చేయకుండా ఆడి గెలిచేదాన్ని. కానీ పదిహేను మేకల తలరాతను ఒక్క మనిషి నిర్ణయించడం నియంతృత్వం కాదా? కాబట్టి ప్రతి ఎత్తుకూ ఓటు ఉండాలన్నాను. మేకల సభలో అయిదుగురం: నేను, నాయిన, మా మేనత్త, రోజంతా వార్తలు వినే మా రేడియో మామ, అమ్మ. అమ్మ గోడ వారకు కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. "నాకేం తెల్వదు, నన్ను ఇడ్సిపెట్టుండ్రి" అంది. తెలియకపోవడం ఓటుహక్కుకు అడ్డు కాదని ఆమెకు ఉపన్యాసం ఇచ్చాను. ఆమె బియ్యంలోంచి ఒక రాయి ఏరి అవతల పారేసింది.

ఇక చూడండి మా పరిపాలన. ఒక్కో మేకను పెట్టడానికి ఒక్కో చర్చ. మూల మేకను బలిచ్చి మధ్య దారి మూద్దామని నేనంటే, బలయ్యేవాళ్ల ఒప్పుదల లేకుండా ఎలా అని మళ్లీ నేనే ప్రశ్న లేవదీశాను. అత్త నా వైపు జాలిగా చూసి, "చింతగింజను అడుగుతవానే?" అంది. రేడియో మామ ప్రతి తీర్మానానికీ సవరణ తెచ్చేవాడు. నాయిన తన అన్న ముఖం చూసి ఓటు వేసేవాడు. అమ్మ చెయ్యి ఒక్కసారీ లేవలేదు. మేం మాట్లాడుతూ ఉండగానే మూడు మేకలు పోయాయి. పెద్దనాయిన బీడీ ముట్టించి, "మీ మీటింగు అయినంక చెప్పుండ్రి, నా పులికి జర ఆకలైతుంది" అన్నాడు.

అయినా ఎలాగో రెండు పులులు ఇరుక్కున్నాయి. మూడోదానికి ఒక్క దారే మిగిలింది. ఓరనున్న మేకను జరిపితే ఆ దారి మూసుకుంటుంది. నేనూ అత్తా జరపాలన్నాం. మేక స్థానం వదిలితే వెనక ఖాళీ అవుతుంది, పులి దూకుతుందని నాయినా రేడియో మామా వద్దన్నారు. రెండూ రెండూ. అందరం అమ్మ వైపు చూశాం. చాట పక్కన పెట్టి లేచింది. కుడి చెయ్యి పైకి లేచింది. దిగేటప్పుడు ఆ చేతిలో దండెం మీది నూలు చిలప ఉంది.

నేను మేకను జరిపేశాను. పులి కట్టుబడింది.

"గది ఓటు గాదు, చిలప" అన్నాడు పెద్దనాయిన.

ఓటు అంటే చెయ్యా, మనసులో ఉద్దేశమా అని నేను అందుకున్నాను. రేడియో మామ మళ్లీ ఎన్నిక పెట్టమన్నాడు. అరుగంతా గోల. పెద్దనాయిన మాత్రం అమ్మనే అడిగాడు, ఎందుకు లేపినవని. అమ్మ ఆ చిలపను మడిచి మళ్లీ దండెం మీదే వేస్తూ, "చెయ్యి లేసిందా లేదా? లేసింది గదా, లెక్కవెట్టుండ్రి బావా" అని చాట ఎత్తుకొని లోపలికి పోయింది.

పెద్దనాయిన చాలాసేపు ఆ దండెం వైపే చూశాడు. తర్వాత కండెలు ఏరుకుంటూ, "పో బిడ్డా, ఆడ గూడ గిట్లనే అందరి బుర్ర తిను" అన్నాడు.

హైదరాబాదు బస్సు పెబ్బేరు దగ్గర ఆగింది. అంగడికి పోయే మేకల మంద రోడ్డంతా నిండిపోయింది, డ్రైవర్ హారన్‌ను ఒక్క మేకా పట్టించుకోలేదు. వాటిని చూస్తుంటే ఆ చిలప సంగతి అప్పుడు తట్టింది నాకు, తత్వశాస్త్రమంతా చదివినదానికి.

ఇప్పుడు పిల్లలకు ప్రజాస్వామ్యం పాఠం చెబుతాను. అరుగు మీద పదిహేను చింతగింజలకు ఉపన్యాసం ఇచ్చిన ఆ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. నోరు మూసుకోవే అనాలనిపిస్తుంది, అనలేను. పోయిన పండక్కి కూడా ఆ చిలప సంగతే అమ్మను అడిగాను. "ఇంక గది ఇడ్సిపెట్టలేదా నువ్వు?" అని నవ్వి తమలపాకు నమిలింది. సరే, చుట్టాలను వదిలేయండి, మీరే చెప్పండి. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఏ అమాసకూ నూలు ముట్టని మా అమ్మకు, సరిగ్గా ఆ ఘడియలోనే చిలపతో ఏం పని పడింది?