అన్నను ఊదమన్న సాయంత్రం

మా అన్న హొగేనక్కల్‌లో కావేరి మీద గుండ్రటి పుట్టి పడవ నడిపేవాడు. ఒకసారి తాగి తెడ్డు పట్టుకుని దొరికాక యజమాని మళ్ళీ నీళ్ళ మీదికి పోనివ్వలేదు. ఆ తర్వాత ధర్మపురి బస్‌స్టాండే ఇల్లయింది. సేలం బస్సుకు అడ్డంగా పడుకునేవాడు, పోలీసులు ఎత్తుకెళ్ళేవాళ్ళు, తెల్లారి నేను వెళ్ళి సంతకం పెట్టి తెచ్చుకునేదాన్ని.

ఒకరోజు అక్కడి మహిళా ఎస్సై తమిళంలో గట్టిగా కోప్పడింది. ఇలాగే తీసుకెళ్తూ ఉంటే ఒకనాడు శవాన్ని తీసుకెళ్తావంది. ఆమే అన్నను జీపులో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి తాగుడు మాన్పించే వార్డులో చేర్పించింది. మూడు రోజులు అన్న చేతులు ఆగకుండా వణికాయి. గోడ మీద చేపలు పాకుతున్నాయని అరిస్తే మంచానికి కట్టారు. నాలుగో రోజు నన్ను గుర్తుపట్టి, "అన్నం తిన్నావా పాపా?" అన్నాడు. ఆ మాట విని ఎన్నేళ్ళయిందో!

ఇంటికొచ్చాక నెల దాటినా చుక్క ముట్టలేదు. మళ్ళీ పుట్టి ఇమ్మని హొగేనక్కల్ వెళ్ళి అడిగాడు, ఎవరూ ఇవ్వలేదు. ఇటుకల బట్టీలో కూలికి కుదిరాడు.

ఒక సాయంత్రం తూలుతూ వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గుమ్మం దాటనివ్వలేదు.

"ఊదు."

"తాగలేదు పాపా. జొరం వచ్చినట్టుండాది."

"ఊదమంటే ఊదు!"

ఎదురింటివాళ్ళు బయటికొచ్చి చూస్తున్నారు. అన్న వంగి, చిన్నపిల్లాడిలా నా ముఖం మీద ఊదాడు. ఏ వాసనా లేదు. నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది.

"నువ్వు కూడా పోలీసు మాదిరి అడిగినావే" అన్నాడు. గొంతులో కోపం లేదు. గంజి కాచి ఇస్తే తాగి పడుకున్నాడు. తప్పయిందని చెప్పాలనుకున్నాను, గంజి గిన్నె కడిగి బోర్లించాను.

జ్వరం తగ్గాక పనికని వెళ్ళాడు. మధ్యాహ్నం పోలీస్ స్టేషన్ నుంచి ఫోనొచ్చింది.

మళ్ళీ ఆసుపత్రికి పోదాం రమ్మని బతిమాలాను. "ఎందుకు పాపా? మానితే మాత్రం ఎవురు నమ్మినారు?" అన్నాడు. డాక్టరేమో ఈ జబ్బే అంత, చాలామంది ఇలాగే వెనక్కి పోతారు, మీ తప్పు కాదన్నాడు. ఆ మాట నా మనసుకు ఎక్కలేదు.

ఆ ఎస్సైకి బదిలీ అయింది. మొన్న వెళ్తే కొత్తాయన, ఇతను మీకేమవుతాడని అడిగాడు. అన్న అని చెప్పి, చూపించినచోట సంతకం పెట్టాను.