మ్యాప్‌లో చుక్క

మా ఆయనకు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏడాదికి రెండు నెలలు మాత్రం ఒంటిమీద సైనిక దుస్తులు. ఉద్యోగం వదలకుండానే సైన్యంలో స్వచ్ఛందంగా చేరిన ఆఫీసరు. "అందరు సెలవులకు గోవా పోతరు, వీడు తుపాకి పట్టనీకి పోతడు" అని మా అత్తగారి ఎకసెక్కెం. సరిహద్దులో గొడవ ముదిరి ఆయనకు పిలుపు వచ్చిన రోజున అది ఆగిపోయింది.

వెళ్తూ ఒకటే మాటన్నారు. "యాడున్ననో అడగకు. ముప్పై మంది పానాలు నా చేతుల ఉంటయి."

అడగాల్సిన పని లేకపోయింది. నేను షిఫ్టుల్లో క్యాబులెక్కిన కాలం నుంచి మా ఇద్దరి ఫోన్లలో ఒకరి లొకేషన్ ఒకరికి కనిపించేలా తెరిచే ఉంటుంది. ఆపాలని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం మ్యాప్‌లో చూస్తే ఆయన చుక్క సరిహద్దు అంచున ఉంది. గర్వంతో కళ్ళు మూసుకుపోయి, ఆ స్క్రీన్‌షాట్ అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టేశాను.

చప్పట్ల బొమ్మలు వచ్చిపడుతుంటే ఆయన మాట గుర్తొచ్చింది. వెంటనే తీసేశాను, కానీ తొమ్మిది మంది చూసేశారు. చెప్పుల్లేకుండా తొమ్మిది గుమ్మాలూ తిరిగాను. ఐదో అంతస్తులో ఉండే పెద్దమనిషి దాన్ని తన తమ్ముడికి పంపారట.

"ఏం కాదులెండి" అన్నారు తేలిగ్గా.

"అవుతుందండీ! ముందు తీయించండి!" అని అరిచాను. తీయించేదాకా గడప దగ్గర్నుంచి కదల్లేదు.

అయినా చుక్క అక్కడే ఉంది. దాన్ని ఆపగలిగేది ఆయనొక్కరే. "లొకేషన్ ఆపండి" అని మెసేజ్ పెట్టాను. చూసినట్టు లేదు. ఫోన్ చేద్దామంటే అది మోగి ఎవరి చెవిన పడుతుందోనని భయం.

సాయంత్రం ఆ వైపే గుండ్లు పడ్డాయని టీవీలో చెప్తుండగా చుక్క మాయమైంది. పోవాలని మొక్కుకున్నదే పోయింది. మెసేజ్ మాత్రం ఇంకా చూడలేదు. అత్తగారు నా చేతిలోంచి ఫోన్ లాక్కుని బోర్లా పెట్టి, "ఇగ దాన్ని సూడకు బిడ్డా" అన్నారు.

రెండు రోజులకు వేరే నంబరు నుంచి ఆయన గొంతు. "అందరి ఫోన్లు జమ చేయించిన. నాదే మర్చిపోయి ఆఖర్ల బంద్ చేసిన. అందరం మంచిగున్నం."

ఏడుస్తూ నా తప్పు చెప్పాను.

"నాతోటి ఉన్నోళ్ళకు గూడ పెండ్లాలున్నరు," అన్నారు. "వాళ్ళెవ్వరికీ ఏ చుక్కా కనిపియ్యదు. వాళ్ళు ఉంటలేరా?"

"ఉంటానండీ" అన్నాను. ఆయన వచ్చేదాకా నలభై రోజులు చుక్క లేకుండానే ఉన్నాను.