మాదన్న మూడు చుక్కలు

ఆదోనిలో పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లుల్లో ఒక పద్ధతి ఉంది. మిషను బాగుచేసిన ఫిట్టరు, పని అయ్యాక, ఎవరి కంటా పడని మూల ఒక గుర్తు కొట్టి వదిలేస్తాడు. పేరు కోసం కాదు. సీజను మధ్యలో పత్తి బండ్లు గేటు దాకా నిలబడి ఉన్నప్పుడు అదే మిషను మళ్ళీ ఆగిపోతే, ఎవరిని పిలిచి తిట్టాలో తెలియడానికి. మాదన్న గుర్తు మూడు చుక్కలు. పంచ్ పెట్టి సుత్తితో మూడు దెబ్బలు, పొయ్యి రాళ్ళు పేర్చినట్టు. ముప్పై ఏళ్ళలో ఆ చుక్కలు చూసి అతన్ని పిలిపించి తిట్టింది మూడుసార్లు. మూడోసారి తప్పు తనది కాదని ఇప్పటికీ అంటాడు.

మాదన్న చదివింది ఏడో తరగతి. హాలహర్వి పక్క పల్లె నుంచి పదమూడో ఏట వచ్చి, మిల్లులో మిషన్ల కింద పడిన గింజలు ఊడ్చే పనిలో చేరాడు. ఊడుస్తూ ఊడుస్తూ చెవి పైకి పెట్టేవాడు. ఒకరోజు బేరింగు పోబోతోందని మేస్త్రీ కంటే ముందు చెప్పాడు. మేస్త్రీ మొదట చెంప మీద ఒకటి కొట్టి, సాయంత్రం బేరింగు నిజంగానే పోయాక, చీపురు లాక్కుని స్పానరు ఇచ్చాడు. అతని ఇంజనీరింగు అడ్మిషను అదే. భార్య ఏసమ్మ అదే మిల్లులో పత్తి ఏరుతుంది. కూతురు కృప ఒక్కతే. ఎండాకాలం మిషన్లన్నీ విప్పి సర్దే రోజుల్లో తండ్రికి అన్నం క్యారియరు తెచ్చి, తిరిగి పోకుండా టార్చిలైటు పట్టుకుని నిలబడేది. అలా నిలబడి నిలబడి, ఇంటర్ అయ్యాక మెకానికల్ తప్ప ఇంకేమీ చదవనని మొండికేసింది. ఎంట్రన్సులో పనికొచ్చే ర్యాంకే వచ్చింది.

ర్యాంకు వచ్చిన సాయంత్రం నుంచి మాదన్న ఫోను మోగడం మొదలైంది. అంతవరకు ఆ ఫోనులో "ఏం మాదన్నా, యాడ సచ్చినావు" అనే గొంతులే తప్ప వేరేవి వినపడేవి కావు. ఇప్పుడు ఒక్కో గొంతూ "మాదన్న సార్ గారేనా" అంటోంది. రెండు రోజులు అతను రాంగ్ నంబరని పెట్టేశాడు.

మూడోరోజు మనిషే వచ్చాడు. పేరు మహేశ్వర్. ఎమ్మిగనూరు రోడ్డులోని ఒక కాలేజీలో లెక్చరరు. ఎండాకాలంలో లెక్చరర్ల పని పాఠం చెప్పడం కాదు, పిల్లలను పట్టుకురావడం. మీరు ఏం సబ్జెక్టు చెబుతారు సార్ అని కృప అడిగితే, అడ్మిషన్లు అయ్యాక చెబుతామన్నాడు. ఆడపిల్లకు మెకానికల్ ఎందుకు, కంప్యూటరు తీసుకో, ఏసీలో కూర్చోవచ్చు అని ఏసమ్మ వైపు చూసి చెప్పాడు. ఏసమ్మ ఆ వారం ఎండలో పత్తి ఏరి వచ్చింది కాబట్టి ఆ మాట ఆమెకు నచ్చింది. కృపకు నచ్చలేదు. అది చూసి మహేశ్వర్ మెకానికల్ కూడా అద్భుతంగా ఉందన్నాడు. అంత తొందరగా మాట తిప్పగలిగిన మనిషి చెప్పే పాఠం ఎలా ఉంటుందో మనం ఊహించుకోవలసిందే.

మరునాడు కారు వచ్చింది. కాలేజీ కమాను మిల్లు పొగగొట్టం అంత ఎత్తుంది. చల్లటి హాలులో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, పెద్ద తెర మీద సినిమా వేశారు. అందులో కాలేజీని ఆకాశం నుంచి చూపించారు. కోటు వేసుకున్న పిల్లలు మూతపెట్టిన కంప్యూటరును చూసి నవ్వుతున్నారు. ఇరవై నిమిషాల సినిమాలో ఒక్క పిల్లవాడి చేతికీ మసి లేదు. మాదన్న ఓపికగా చూసి, వర్క్‌షాపు చూపించమన్నాడు.

వర్క్‌షాపు తాళం కోసం వెతకడానికి నలభై నిమిషాలు పట్టింది. తాళం ఒకాయన దగ్గరుంది, ఆయన పెళ్ళికి పోయాడు, ఆయన తమ్ముడి దగ్గర ఇంకోటి ఉంది. చివరికి తలుపు తెరుచుకుంది. లోపల అన్నీ ఆకుపచ్చ రంగు వేసుకుని తిరునాళ్ళకు వచ్చినట్టు నిలబడ్డాయి. డ్రిల్లింగు మిషనుకు వేసిన రంగు బిట్టు పట్టే చక్కు నోట్లోకి కూడా పోయి, నోరు మూసుకుపోయింది. మాదన్న అలవాటు కొద్దీ ప్రతి మిషను కిందా వేలు పెట్టి చూశాడు. వేలికి దుమ్ము అంటింది గాని నూనె అంటలేదు.

చివర్లో ఇనుమును తిప్పి చెక్కే పాత లేతు ఒకటి ఉంది. దాని బెడ్డు కింద వేలు పెట్టిన మాదన్న, అక్కడే ఆగిపోయాడు. రంగు కింద మూడు చుక్కలు తగిలాయి.

అది ఆదోనిలో మూసేసిన ఒక మిల్లు లేతు. గేరు పళ్ళు విరిగితే పదకొండు రోజులు కూర్చుని ఒక్కో పన్నూ అరగదీసి నిలబెట్టాడు. మిల్లు మూతపడ్డాక పాత ఇనుము కింద లారీలో పోతుంటే ఆ పూట అన్నం తినలేదని ఏసమ్మ చెబుతుంది. ఇప్పుడు తన చేతి పని మీద తన కూతురు పని నేర్చుకోబోతోంది. మాదన్న ముఖం చర్చిలో క్రిస్మస్ రోజున ఉన్నట్టు వెలిగింది. లేతును నేలకు బిగించే బోల్టుల్లేవని కృప చూసింది. కరెంటు వైరు కూడా లేదని చూసింది.

"నాయనా, దీనికి వైరు యాడుండాది?" అని మెల్లిగా అడిగింది.

"వైరుదేముంది మేయ్, వేస్తారు. మిషను సూడు నువ్వు," అన్నాడు మాదన్న.

నలభై రూపాయల బేరింగు కొనడానికి నాలుగు అంగళ్ళు తిరిగే మనిషి అతను. కాలేజీని మాత్రం తన మూడు చుక్కలు చూసి నమ్మాడు. వెరిఫికేషను కోసం కృప అసలు సర్టిఫికెట్లు ఇచ్చిపొమ్మని మహేశ్వర్ అడగ్గానే, సంచిలోంచి తీసి రెండు చేతులతో అందించాడు. అవి చేతిలో లేకపోతే ఇంకే కాలేజీలోనూ చేర్చుకోరని తెలిసిన కృప నోరు తెరిచేలోపు కవరు బీరువాలోకి పోయింది.

ఇంటికి వచ్చాక తండ్రీకూతుళ్ళకు రెండు రోజులు మాటల్లేవు. చివరికి ఇంకొక్క కాలేజీ అయినా చూడకుండా కౌన్సెలింగులో కాలేజీల ఆప్షన్లు పెట్టనని కృప కూర్చుంది. ఆప్షన్లకు మూడు రోజులే గడువు. ఎమ్మిగనూరు దాటాక ఇంకో కాలేజీ ఉంది. ఈసారి కారు లేదు, బస్సులో పోయారు.

ఇక్కడ టీ బదులు కాఫీ, సినిమా బదులు పుస్తకం. మిగతా మాటలన్నీ అవే. అయితే వర్క్‌షాపు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. పై నుంచి తనిఖీ వాళ్ళు వస్తున్నారట. నేల కడిగి, తోరణాలు కట్టి, మిషన్లకు పేర్లు అంటిస్తున్నారు. వరుస చివర ఒక ఆకుపచ్చ లేతు నిలబడి ఉంది. కాళ్ళకు మట్టి, మెడకు మోకు రాసుకున్న గీత.

కృప పోయి దాని బెడ్డు కింద చెయ్యి పెట్టింది. తండ్రి చెయ్యి పట్టుకుని తెచ్చి అదే చోట పెట్టింది.

మాదన్న చాలాసేపు ఆ చెయ్యి తీయలేదు. పేరు అంటిస్తున్న మనిషిని ఇది ఎప్పుడు వచ్చిందని అడిగితే, పొద్దున్నే లారీలో దిగిందని, తనిఖీ అయ్యాక పోతుందని చెప్పాడు. అందులో దాచవలసిన సంగతేమీ ఆ మనిషికి కనిపించలేదు. ఒక్క పిల్లకు కాలేజీ చూడటానికి తండ్రీకూతుళ్ళు రెండు బస్సులు మారారు. లేతు మాత్రం దర్జాగా లారీలో కాలేజీలు చూసివస్తోంది.

తిరిగి వస్తూ ఎమ్మిగనూరు బస్టాండులో బొరుగుల ఉగ్గాని, బజ్జి చెప్పారు. మాదన్న ముట్టలేదు. అక్కడి నుంచే మహేశ్వర్‌కు ఫోను చేసి సర్టిఫికెట్లు ఇచ్చేయమన్నాడు. అవి హెడ్డాఫీసుకు పోయాయని, కౌన్సెలింగు అయ్యేదాకా రావని, అయినా సీటు ఖాయమైన పిల్లకు వాటితో పనేముందని మహేశ్వర్ నవ్వాడు. ఫోను పెట్టేశాక మాదన్న కూతురితో ఒక్క మాటే అన్నాడు. "నా గుర్తు సూసి నేనే మోసపోయినా పాపా." కృప తన ప్లేటులోని బజ్జి ఒకటి తీసి అతని ప్లేటులో పెట్టింది.

తెల్లారి ఇద్దరూ మొదటి కాలేజీకి పోయారు. ఏసమ్మ గట్టిగా గొడవ పెట్టుకోమని చెప్పి పంపింది. మాదన్న గొడవ పెట్టుకునే మనిషి కాదు. చల్లటి హాలులో పది మంది తల్లిదండ్రులు టీ తాగుతూ సినిమా చూస్తున్నారు. మహేశ్వర్ నవ్వుతూ ఎదురొచ్చాడు.

"పాపను చేర్పించేకే వచ్చినాం సార్," అన్నాడు మాదన్న, మిల్లు చప్పుడులో మాట్లాడే గొంతుతో. "ఆ లేతు ఒక్కసారి తిప్పి సూపించండి. సూసి సంతకం పెడతా."

"అది సర్వీసుకు పోయింది కదన్నా."

"యాడికి సార్?"

"కంపెనీకి."

"ఆ కంపెనీ మూసేసి ఇరవై ఏండ్లయింది. దాన్ని సర్వీసు చేసేటోన్ని నేనొక్కన్నే ఉండా."

"నిన్న సూసినాం సార్," అంది కృప. "ఎమ్మిగనూరు అవతల కాలేజీలో ఉండాది. ఆడ బాగానే ఉండాది, దిగులు పడొద్దండి."

కృష్ణగిరి నుంచి కొడుకుతో వచ్చిన నాగన్న అనే రైతు టీ కప్పు కింద పెట్టాడు. "ఏం లేతప్పా అది? మాకు సూపియ్యలేదే. సార్, మాక్కూడా సూపించండి," అన్నాడు. ఇంకో ఇద్దరు లేచారు. తెర మీద పిల్లలు మాత్రం కంప్యూటరును చూసి నవ్వుతూనే ఉన్నారు.

వర్క్‌షాపు తాళానికి నలభై నిమిషాలు పట్టిన కాలేజీలో బీరువా తాళం నాలుగు నిమిషాల్లో దొరికింది. హెడ్డాఫీసుకు పోయిన సర్టిఫికెట్లు ఆ బీరువాలోనే, అదే కవరులో ఉన్నాయి. మహేశ్వర్ వాటిని గేటు దాకా తెచ్చి ఇచ్చాడు. ఆ కాలేజీలో వాళ్ళు చూసిన ఒకే ఒక్క చురుకైన పని అది.

ఆ మధ్యాహ్నమే కర్నూలు అవతల ఒక సర్కారు కాలేజీకి పోయారు. అక్కడ టీ లేదు, కాఫీ లేదు. వాచ్‌మన్ నిద్ర లేవలేదు. ఆఫీసులో గుమస్తా తలెత్తకుండా నోటీసు బోర్డు వైపు వేలు చూపించాడు. హాస్టలు నీళ్ళు ఉప్పన. రెండు లెక్చరరు ఉద్యోగాలు ఖాళీ. కృప ముఖం వాడిపోయింది. వర్క్‌షాపులో లేతులు ఏడు. నాలుగింటి మెడలో అట్టముక్కలు వేలాడుతున్నాయి. వాటి మీద చేత్తో "పని చేయదు" అని రాసి, తేదీ వేసి ఉంది. తేదీలు రెండేళ్ళ కిందటివి.

ఆ అట్టముక్కల ముందు మాదన్న చాలాసేపు నిలబడ్డాడు. మూడు కాలేజీల్లో అతను చదివిన మొదటి నిజం అది. మిగతా మూడు లేతులు తిరుగుతున్నాయి. చేతులు నల్లబడిన పిల్లలు వాటి చుట్టూ ఉన్నారు. అంతలో దుర్గప్ప అనే అటెండరు వెనకనుంచి అరిచాడు. "ఎవురప్పా అది, ఎనక్కి జరుగు. ఇనప రజను కాల్లో దిగితే నేను బాధ్యున్ని కాదు."

వారం రోజుల తర్వాత తనను సార్ అనకుండా తిట్టిన మొదటి మనిషిని చూసి మాదన్నకు ప్రాణం లేచివచ్చింది. వెనక్కి జరిగాడు. కృప జరగలేదు. తిరుగుతున్న లేతు వైపే చూస్తూ, "ఇదే పెడతా నాయనా. ఈడ పాడయినవన్నా పాడయినాయని సెప్తాండారు," అంది. ఆ సాయంత్రం అదే మొదటి ఆప్షనుగా పెట్టింది. సీటు వచ్చింది.

దసరా సెలవులకు కృప అరచేతిలో బొబ్బలతో, చేతిలో ఒక ఇనుపముక్కతో వచ్చింది. వర్క్‌షాపులో మొదటి పని, నాలుగు వైపులా ఆకురాయితో సమంగా రాసి తీసుకురావాలి. మాదన్న దాన్ని మూలమట్టానికి ఆనించి, వెలుతురుకు ఎత్తి చూస్తున్నాడు. అప్పుడు ఫోను మోగింది. మహేశ్వర్. సోమవారం తనిఖీ ఉందని, లేతు కదలడం లేదని, ఒక్కసారి రావాలని అడిగాడు. ఈసారి నిజంగానే "సార్" అన్నాడు.

"ఇప్పుడు అది యా కాలేజీలో సదువుతాంది?" అన్నాడు మాదన్న.

మహేశ్వర్ మళ్ళీ సోమవారం సంగతే ఎత్తాడు.

"గుర్తు నాది కాబట్టి వస్తా. రాకుంటే తప్పు. అయితే వైరు వేసి పెట్టు సార్. నలుగురు పిల్లోల్లను కూడా నిలబెట్టు. తిప్పేది నేర్పిచ్చి పోతా."

పిల్లలకు ఆ రోజు సెలవిచ్చామని మహేశ్వర్ చెప్పాడు. తర్వాత చేస్తానని ఫోను పెట్టేశాడు. చేయలేదు.

"నాయనా, పంచ్ ఇస్తావా? నా గుర్తు కొట్టుకుంటా," అంది కృప.

మాదన్న ఇనుపముక్కను మళ్ళీ వెలుతురుకు పెట్టాడు. ఒక మూల దగ్గర మట్టానికీ ఇనుముకూ మధ్య నుంచి వెంట్రుకంత వెలుగు కారుతోంది.

"దీని ఎదురు మూల ఇంకా ఎత్తుండాది," అని ముక్కనూ ఆకురాయినీ కూతురి చేతిలో పెట్టాడు.