ముగ్గురు పాతవాళ్ల మాట

ఎండాకాలం చివర మొదటి చినుకులు పడగానే పంజాగుట్ట రోడ్ల మీంచి కాలిన తారు వాసన లేస్తుంది. మొన్న బస్టాపులో ఆ వాసన తగలగానే నరసింహ సార్ గుర్తొచ్చారు. ఎర్రమంజిల్‌లో మాదొక చిన్న సర్వే ఆఫీసు. ఆయన పెద్ద, నేను ఆయన కింద పనిచేసేవాణ్ణి. ఆయన చివరి సర్వే తప్పని అమీర్‌పేటలోని ఒక గల్లీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తప్పు ఆయనది కాదు.

సార్‌ది బట్టలు నేసేవాళ్ల కుటుంబం. ఒక స్థలం గురించి చెప్పాలంటే ఆ స్థలం ఒక్కటే చూస్తే చాలదనేవారు. ఎగువనున్న గుట్ట, దాని మీద పరిచిన సిమెంటు, కింద తవ్విన బోర్లు, కొట్టేసిన చెట్టు, పక్కింటి ప్రహరీ, అన్నీ ఆయన దృష్టిలో ఒకదానితో ఒకటి అల్లుకున్నవే. "నేల బట్ట లెక్క తమ్మీ. ఈడ పోగు గుంజితే ఆడ ముడత పడ్తది. జర గా కొస సుత చూడు" అనేవారు. అందుకే మా ప్రతి నివేదికలో కొలతల తర్వాత ఒక పేజీ ఉండితీరాలి: చుట్టుపక్కల ఉండే ముగ్గురు పాతవాళ్లు నీళ్ల గురించి చెప్పింది, వాళ్ల మాటల్లోనే.

ఆ అమీర్‌పేట గల్లీలోనే, ఒక అపార్టుమెంటు కట్టబోయే ఖాళీ జాగాకు నన్ను పంపారు. నడి ఎండాకాలం. నేల నెర్రెలిచ్చి ఉంది. ఇక్కడ నీళ్లేమిటి అనుకున్నాను. కొలతలు తీసుకుని, ఇరానీ హోటల్లో ఫ్యాను కింద కూర్చుని, ముగ్గురు పాతవాళ్లను నేనే పుట్టించాను. ఒకాయనకు చేతికర్ర కూడా ఇచ్చాను. ఇక్కడ ఎన్నడూ నీళ్లు రాలేదని ముగ్గురిచేతా అనిపించాను.

"ముగ్గురిని కలిసినవా?" అన్నారు సార్.

"కలిశాను సార్."

సంతకం పెట్టారు.

జాగా ఎత్తు చేసి చుట్టూ ప్రహరీ కట్టారు. ఆ వానాకాలంలోనే, దారి మూసుకుపోయిన నీళ్లు ఎదురుగా ఉన్న లక్ష్మమ్మ ఇంట్లోకి వెళ్లాయి. ముందుగదే ఆమె కుట్టు దుకాణం. మేం వెళ్లేసరికి మిషన్లు మునిగి, ఎవరివో పెళ్లి జాకెట్లు బురదలో ఉన్నాయి. ఆమె చీపురుతో నీళ్లు బయటికి తోస్తోంది.

"మావోడు వచ్చినప్పుడు గీ సంగతి చెప్పలే అమ్మా?" అన్నారు సార్.

"నన్నెవలు అడిగిండ్రు? ఇరవై ఏండ్ల సంది గీడనే కూసుంట. అడిగితె చెప్పకపోదునా?"

సార్ నావైపు చూడలేదు. గుమిగూడి అరుస్తున్న గల్లీవాళ్లవైపు తిరిగి, "సంతకం నాది. తప్పు నాదే" అన్నారు. ఆఫీసు మెట్లెక్కుతూ మాత్రం, "గా చేతికర్ర ముసలాయన మస్తుగున్నడు. నిజమే అనుకున్న" అన్నారు. ఆ నెలలోనే పని మానేశారు. నేను నోరు విప్పలేదు. ఆ కుర్చీ నాకే ఇచ్చారు. నిరుడు ఆయన పోయారని తెలిసింది.

ఇప్పుడు ఏ స్థలానికి వెళ్లినా ముందు టేపు తీయను. ఎదురింటి గుమ్మం ముందు కూర్చుని అడుగుతాను. కానీ ఒక పేజీ ఇంకా బాకీ ఉంది. ఆ రోజు లక్ష్మమ్మ నీళ్లు తోస్తూ చెప్పింది, సార్ నియమం ప్రకారం, ఆమె మాటల్లోనే:

"మా గల్లీల చుక్క పడకున్నా, ఎర్రమంజిల్ దిక్కు వాన కొడితె నీళ్లు గా ఖాళీ జాగల నుంచే పోయేటియి. గది మూస్తిరి. ఇగ అవి ఏడికి పోవాలె సార్?"