కాదనే కుర్చీ

మా పాత మేనేజరు మేడం గారు పోయారన్న కబురు పాలు దింపుకునే వేళ వచ్చింది. నది మధ్య లంక నుంచి వచ్చిన పడవ రేవులో ఆగి ఉంది, క్యాన్లు ఒక్కొక్కటే ఒడ్డుకు చేరుతున్నాయి. నిడదవోలు నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. తెల్లారాక కాఫీ ఇవ్వబోతే లేవలేదట. పాలు పరీక్ష చేసే గాజు గొట్టం చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ పరీక్షే నా ఉద్యోగం. ఆ ఉద్యోగంలో నన్ను చేర్చుకున్నదీ ఆవిడే, నలుగురిలో నోరు విప్పడం నేర్పిందీ ఆవిడే.

గోదావరి ఒడ్డున చిన్న పాలకేంద్రం మాది. ఆవిడ వచ్చేనాటికి మా మీటింగులంటే టీ, బిస్కెట్లు, “అలాగేనండి”. మర్యాదలో మమ్మల్ని మించినవాళ్ళు లేరని మా వైపు వాళ్ళకి మహా గర్వం. పెద్దవాళ్ళు ఏం చెప్పినా అలాగేనండి అనేసి, బయటికొచ్చి వరండాలో నిలబడి అసలు మాట చెప్పుకునేవాళ్ళం. ఒకరోజు మేడం గారు వెనకాలే వచ్చి అదంతా విన్నారు. చివాట్లు తప్పవనుకున్నాం.

“అసలు మీటింగు ఇక్కడ జరుగుతోందా? నన్నూ పిలవచ్చు కదమ్మా” అన్నారు.

ఆ తరవాతి మీటింగుకి ఒక కుర్చీ వచ్చింది. పాతదే, ఒక చెయ్యి ఊగుతూ ఉండేది. దాన్ని కిటికీ పక్కన వేయించి, వంతులవారీగా ఒక్కొక్కరు అందులో కూర్చోవాలన్నారు. కూర్చున్నవాళ్ళు ఆ రోజు అనుకున్న నిర్ణయాన్ని కాదనాలి. నచ్చినా సరే, కాదని, ఎందుకు కాదో చెప్పాలి. వ్యాను డ్రైవరుకీ, పడవ నడిపే ఆయనకీ, ఊడ్చే ఆవిడకీ, నాకూ అందరికీ వంతు ఉంది. మేమూ తక్కువ తిన్నామా, మర్యాద పోకుండా ఒక ఉపాయం కనిపెట్టాం. మాట్లాడే ముందు “ఇది నా మాట కాదండి, కుర్చీ మాట” అనేవాళ్ళం. “సరే, కుర్చీ గారినే చెప్పమనండి” అని ఆవిడ నవ్వేవారు.

ఎదురు చెబితే ఆవిడకి కోపం రాదనుకోకండి. బాగానే వచ్చేది. ముక్కు ఎర్రబడేది. అప్పుడు గ్లాసుడు మజ్జిగ తెప్పించుకుని, మొత్తం తాగి, ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, “ఇప్పుడు చెప్పండి” అనేవారు. పాలకేంద్రంలో మజ్జిగకేం కొదవ? కొన్ని మీటింగుల్లో రెండో గ్లాసు కూడా అవసరమయ్యేది. ఓర్పు ఆవిడకి పుట్టుకతో వచ్చింది కాదు, కావాలని తెచ్చుకున్నది. నాకు ఆవిడంటే అంత ఇష్టం అందుకే.

కుర్చీ చెప్పినవన్నీ ఒప్పులూ కావు. డ్రైవరు మాట విని ఒకసారి వ్యాను దారి మార్చాం. కొన్నాళ్ళకే బుద్ధిగా పాత దారికి వచ్చేశాం. అతను తల దించుకు తిరుగుతుంటే మేడం గారు, “నిర్ణయం మనందరిదీనయ్యా, నీ ఒక్కడి నెత్తిన ఎందుకు పెట్టుకుంటావు?” అన్నారు. తరవాతి వంతుకి అతను మునుపటికంటే గట్టిగా మాట్లాడాడు.

ఈ కుర్చీకి చిక్కనిది మా అకౌంటెంటు గారొక్కరే. మా అందరిలోకీ మర్యాదస్తులు. తన వంతు వచ్చేసరికి కడుపునొప్పి, లేకపోతే బంధువుల పెళ్ళి, అదీ కాకపోతే బండి పంక్చరు. మేడం గారికి అన్నీ తెలుసు. “తొందరేం లేదండి, మీ వంతు ఎక్కడికీ పోదు” అనేవారు.

ఒక వేసవిలో నది బాగా తగ్గిపోయి లంక పడవ ఇసుకలో కూరుకుపోయింది. ఎండకి పాలన్నీ విరిగిపోయాయి. ఇక ఆ పడవ ఆపేద్దామన్నారు మేడం గారు. అందరూ అలాగేనండి అన్నారు. కుర్చీలో ఉన్నది నేను. నిజానికి నాకూ ఆపెయ్యడమే మంచిదనిపించింది. కానీ కాదనాలి కదా, ఏదో ఒకటి వెతుక్కోవాలి. “నీళ్ళు లేనిది వేసవిలోనేనండి. ఏడాదంతా ఎందుకు ఆపడం?” అన్నాను. ఆవిడ ముక్కు ఎర్రబడింది, మజ్జిగ వచ్చింది. ఆ గ్లాసు ఖాళీ అయ్యేలోపే అవతలి ఒడ్డున లోతున్న రేవు సంగతి ఒకరెత్తారు, వ్యాను అక్కడికి తేవచ్చని ఇంకొకరన్నారు. పడవ ఆగలేదు. ఆ సాయంత్రం వెళ్ళేటప్పుడు నా భుజం తట్టి, “అందరూ ఒప్పుకున్న రోజు నాకు భయమేస్తుందమ్మా. ఇవాళ హాయిగా నిద్రపడుతుంది” అన్నారు.

ఆవిడ రిటైరయ్యాక కొత్త మేనేజరు గారు వచ్చారు. మంచాయనే, కాకపోతే మా పద్ధతి ఆయనకి తెలియదు, మేమూ చెప్పలేదు. కుర్చీ మీద పాత క్యాలెండర్లు పేరుకున్నాయి. మేం మళ్ళీ వరండాలోకి వచ్చేశాం.

సంతాప సభ నాడు ఆ కుర్చీ తుడిచి, మేడం గారి ఫొటో అందులో పెట్టాం. లంకలో పాలు పోసే ఆడవాళ్ళు కొందరు పడవలో వచ్చి బంతిపూల దండ వేశారు. కళ్ళు తుడుచుకుని వాళ్ళు గుమ్మం దగ్గర నిలబడ్డారు. అందరం ఉన్నాం కదా అని కొత్త మేనేజరు గారు ఒక మాట ఎత్తారు.

“లంక పడవ వచ్చే నెల నుంచి ఆపేద్దామనుకుంటున్నానండి. వచ్చే పాలు తక్కువ, శ్రమ ఎక్కువ. ఏమంటారు?”

వరసగా అలాగేనండి వినిపించింది. గుమ్మం దగ్గర ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు అకౌంటెంటు గారు లేచారు. కడుపునొప్పేమో, వెళ్ళిపోతున్నారేమో అనుకున్నాను. ఆయన తిన్నగా కిటికీ దగ్గరికి నడిచి, “కొంచెం జరగండి మేడం గారూ” అంటూ ఫొటోని రెండు చేతులా ఎత్తి బల్ల మీద పెట్టి, ఆ కుర్చీలో కూర్చున్నారు. ఊగే చేతిని గట్టిగా పట్టుకున్నారు.

“పడవ ఆపకూడదండి. రోడ్డున్న ఊళ్ళకి ఎవరి వ్యానైనా వస్తుంది. వీళ్ళకి మన పడవ తప్ప ఇంకో దారి లేదు.” గుమ్మం వైపు చూసి, మళ్ళీ అన్నారు. “ఇది కుర్చీ మాట కాదండి. నా మాటే.”

కొత్త మేనేజరు గారి మొహం ఎర్రబడింది. నేను లోపలికి వెళ్ళి గ్లాసుడు మజ్జిగ తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఎందుకో ఆయనకి అర్థం కాలేదు. మా అందరి మొహాలూ చూశారు, గ్లాసు ఎత్తి మొత్తం తాగారు. ఖాళీ గ్లాసు మేడం గారి ఫొటో పక్కన పెట్టి, తన కుర్చీ ముందుకు లాక్కున్నారు.

“చెప్పండి” అన్నారు.